రెండు టేబుళ్లకీ ఇండెక్స్ ఉంది, అయినా జాయిన్ కదలట్లేదు

ప్రశ్న: మా జూనియర్ కాలేజీలో ఫీజుల లెక్కలు నేనే చూస్తాను. మైఎస్‌క్యూఎల్ 5.7 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. విద్యార్థుల టేబుల్లో 40 వేల వరుసలు, రసీదుల టేబుల్లో 6 లక్షలు ఉన్నాయి. అడ్మిషన్ నంబర్ మీద రెండింటినీ జాయిన్ చేసి (జతకలిపి) ఈ ఏడాది బకాయిలు తీయబోతే పది నిమిషాలైనా రావట్లేదు. ఆ నంబర్ విద్యార్థుల వైపు '004571' అని వార్‌చార్‌లో (అక్షరాల రూపంలో), రసీదుల వైపు 4571 అని ఇంట్‌లో (పూర్ణసంఖ్యగా) ఉంది. రెండు చోట్లా ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) వేశాను. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లేమో పెద్ద సర్వర్ కొనమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సర్వర్ ఇప్పుడే కొనకండి. జబ్బేమిటో మీ ఉత్తరంలోనే ఉంది.

వార్‌చార్‌నీ ఇంట్‌నీ పోల్చమంటే మైఎస్‌క్యూఎల్ రెండింటినీ దశాంశ సంఖ్యలుగా మార్చి చూస్తుంది. '4571', '004571', ముందు ఖాళీ ఉన్న ' 4571' మూడూ దానికి 4571తో సమానమే, కానీ మీ ఇండెక్స్‌లో అవి అక్షరాల వరుసలో తలో చోట ఉంటాయి, అందుకే ఎక్కడ వెతకాలో తెలియక ఆ ఇండెక్స్‌ని పక్కన పెట్టేస్తుంది. రసీదుల వైపు నుంచి మొదలుపెడితే ఇక ప్రతి రసీదుకీ విద్యార్థులందరినీ చూడటమే గతి. 40 వేలని 6 లక్షలతో గుణిస్తే 2400 కోట్ల పోలికలు! ఎంత పెద్ద సర్వరైనా ఇది వృథా పనే. 8.0.18 నుంచి హాష్ జాయిన్ అనే, ఇండెక్స్ లేకపోయినా వేగంగా జతకలిపే పద్ధతి వచ్చింది కాబట్టి కొత్త వెర్షన్‌లో కాస్త తొందరగా రావచ్చు, ఎలాగూ 5.7కి 2023 అక్టోబరులోనే సపోర్ట్ ఆగిపోయింది, మారడం మంచిదే. కానీ వార్‌చార్, ఇంట్ అనే ఈ టైపుల తేడా మాత్రం అలాగే ఉండిపోతుంది.

క్వెరీ (డేటాబేస్‌కిచ్చే ఆదేశం) ముందు ఎక్స్‌ప్లెయిన్ అనే మాట పెట్టి నడపండి, ఏ టేబుల్‌ని ఎలా వెతుకుతోందో చూపిస్తుంది. విద్యార్థుల వరుస రసీదుల వరుస తర్వాత వచ్చి, దాని టైప్ కింద 'ఆల్' (టేబుల్ మొత్తం చదవడం) అని కనిపిస్తే నేను చెప్పిందే జరుగుతోంది. నమ్మకం కుదరాలంటే జాయిన్ షరతులో రసీదుల నంబర్‌కి ఎల్‌ప్యాడ్ (ముందు సున్నాలు నింపే ఫంక్షన్) వేసి, ఆరంకెల స్ట్రింగ్‌గా (అక్షరాల రూపంలోకి) మార్చి ఒకసారి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

శాశ్వతంగా అయితే రెండు కాలమ్‌లూ ఒకే టైప్‌లో ఉండాలి. నంబర్లలో ఎక్కడా అక్షరాలు లేకపోతే విద్యార్థుల వైపు కూడా ఇంట్ చేసేయండి, సున్నాలు ప్రింట్ చేసేటప్పుడు కలుపుకోవచ్చు. '12ఏ' లాంటిది ఒక్కటున్నా రెండువైపులా వార్‌చారే పెట్టి, రసీదుల్లో సున్నాలు నింపండి, రెండింటి క్యారెక్టర్ సెట్ (అక్షరాలు దాచే పద్ధతి), కొలేషన్ (వాటిని పోల్చే పద్ధతి) కూడా ఒకటేనా అని చూసుకోండి. ఏది చేసినా ముందు బ్యాకప్ తీయండి. '4571', '004571' రెండూ వేర్వేరు పిల్లలవిగా ఉన్నాయేమో కూడా ముందే వెతకండి, లేకపోతే ఒకరి ఫీజు ఇంకొకరి ఖాతాలో కలిసిపోతుంది. అసలు నాకు స్పీడ్ కన్నా దీని గురించే ఎక్కువ టెన్షన్, ఎందుకంటే ఇప్పుడున్న జాయిన్‌లో కూడా అలాంటి ఇద్దరికీ ఒకే రసీదు అంటుకుంటోంది.

ఇంకొకటి, 'ఈ ఏడాది' కోసం తేదీ కాలమ్ మీద ఇయర్ ఫంక్షన్ వాడుతుంటే తీసేయండి, దానివల్ల తేదీ ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది. మీ విద్యా సంవత్సరం జూన్ 1న మొదలైతే, జూన్ 1 నుంచి వచ్చే జూన్ 1 లోపు అని నేరుగా రాయండి.