భోగి మంటలో పడ్డ కవరు

ప్రశ్న: మాది గాజువాక. మావారికి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. మావయ్యగారికి డెబ్బై ఏడేళ్లు. ఆర్మీలో ఆర్టిలరీ, అంటే ఫిరంగుల దళం. 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున షకర్‌గఢ్ వైపు పనిచేశారు, హవల్దారుగా రిటైరయ్యారు. అత్తయ్య పోయాక మా దగ్గరే ఉంటున్నారు. ఆయన మంచం కింద ఒక నల్ల ట్రంకు పెట్టె. అందులో మెడల్స్, యుద్ధం నాటి ఫొటోలు, నెగటివ్‌లు, ఉత్తరాలు ఉంటాయి. అప్పట్లో ఒకే బ్యాటరీలో (కొన్ని ఫిరంగులు కలిసిన దళం) పనిచేసినవాళ్లు ఇప్పటికి తొమ్మిది మంది మిగిలారట. అందరికీ కలిపి ఒక ఆల్బమ్ వేయిస్తానని ఈయన ఒప్పుకుంటే, వాళ్ల దగ్గరున్నవి కూడా ఈయనకే పంపించారు. పెన్షన్‌లో కొంత దానికే పోతోంది. పొద్దస్తమానం ఫోన్లో హిందీలో, పెద్ద గొంతుతో ఆ కబుర్లే.

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతూ మావారు పాత కాగితాలతో పాటు ఒక ఖాకీ కవరు కూడా భోగి మంటలో వేసేశారు, అందులో ఫొటోలు, నెగటివ్‌లు ఉన్నాయని తెలీక. రెండు వారాల తర్వాత సోంపేట దగ్గరి పల్లె నుంచి ఒకావిడ ఫోన్ చేసి, చనిపోయిన తన భర్త ఫొటో అడిగారు. వెతికితే అప్పుడు తెలిసింది. మావయ్య "అది నాది కాదురా" అని ఒక్క మాట అన్నారు. అప్పట్నుంచి కొడుకుతో మాటల్లేవు. స్నేహితులతో మాట్లాడటమూ మానేశారు. ఆవిడ ఫోన్ వస్తే కట్ చేస్తున్నారు. మావారేమో "సారీ చెప్పాను కదా, మెడల్స్ ఉన్నాయి కదా, ఆ పెట్టెకున్న విలువ మాకెప్పుడైనా ఉందా" అంటారు. మధ్యలో నేనూ, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయీ నలిగిపోతున్నాం. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: అమ్మా, మీ మావయ్యగారు అన్న ఆ ఒక్క మాటను ఇంట్లో అందరూ ఎత్తిపొడుపు అనుకున్నట్టున్నారు. నాకైతే ఆయన ఉన్న సంగతే చెప్పారనిపిస్తోంది. ఆ కవరు నిజంగానే ఆయనది కాదు. ఎవరెవరో తమ ఇళ్లలో దాచుకున్నవి తీసి, ఈయన మీద నమ్మకంతో పంపించారు. అది పరుల సొమ్ము. ఇంట్లో పెట్టుకున్న పరుల సొమ్ము పోతే, పోగొట్టిన కొడుకు మీద కోపం ఎంత ఉంటుందో, ఇచ్చినవాళ్ల ముందు తల ఎత్తలేనితనం అంతకు రెట్టింపు ఉంటుంది. కొడుకు మీద కోపం మాత్రమే అయితే స్నేహితులకు ఫోన్ చేసి చెప్పుకునేవారు. ఆయన వాళ్లకూ మొహం చాటేస్తున్నారు. సోంపేట ఆవిడ ఫోన్ కట్ చేస్తున్నది అందుకే.

కాబట్టి మీ ఆయన ఇంట్లో ఎన్నిసార్లు సారీ చెప్పినా అది చేరాల్సిన చోటుకు చేరదు. చెప్పాల్సింది ముందు ఆవిడకి, తర్వాత మిగిలిన ఎనిమిది మందికి. "ఫలానా వారి అబ్బాయినండీ. మీ ఆయన ఫొటో మా నాన్న జాగ్రత్తగానే దాచారు. నా చేతుల్లో పోయింది. తప్పు నాది, ఆయనది కాదు." ఇంతే. తెలీక జరిగిందనీ, పండగ హడావుడనీ సర్దిచెప్పుకోవద్దనండి. ఆవిడ ఏడిస్తే విననివ్వండి, తిడితే పడనివ్వండి. ఆ ఫోన్ మీ ఆయనే చెయ్యాలి. మీరు నంబరు కలిపి చేతికివ్వకండి, పిల్లాడి చేత మెసేజ్ పెట్టించకండి. వీలైతే ఫోన్‌తో సరిపెట్టకుండా ఒక వీక్లీ ఆఫ్ చూసుకుని ఆ పల్లెకి వెళ్లి రమ్మనండి. విశాఖ నుంచి పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. వెళ్తున్నట్టు మావయ్యగారికి చెప్పే వెళ్లాలి, వస్తానంటే తీసుకెళ్లాలి, రానంటే బతిమాలకూడదు.

ఇప్పుడు మెడల్స్ సంగతి. పశ్చిమ సరిహద్దులో పనిచేసినవారికి పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఇచ్చారు. అవి ప్రభుత్వం వేలమందికి ఒకే అచ్చులో పోసి ఇచ్చినవి. గౌరవమే, కాదనను. కానీ మెడల్ మీద పక్కన నిలబడ్డవాడి మొహం ఉండదు.

ఆ ఫొటోలో ఏముంటుందో మీ ఆయన ఎప్పుడైనా అడిగారా? బహుశా ఒక గన్, దాని చుట్టూ ఐదారుగురు కుర్రాళ్లు. అప్పట్లో మన ఫీల్డ్ రెజిమెంట్లలో ఇరవై అయిదు పౌండ్ల గుండు పేల్చే గన్‌లు, అంటే ఫిరంగులు, చాలా ఉండేవి. ఒక్కో గుండు పదకొండు కిలోల పైచిలుకు, దాన్ని పేల్చడానికి ఆరుగురు. ఒకరు గురి సరిచేస్తే, ఒకరు గుండు అందిస్తారు, ఒకరు లోపలికి తోస్తారు. ఆరుగురిలో ఒక్కడు చెయ్యి జారినా మొత్తం టీముకి ప్రమాదం. ఇంకో విషయం. గన్ దగ్గరున్నవాడికి శత్రువు కనపడడు. ఆ గన్ దెబ్బ పన్నెండు కిలోమీటర్ల దాకా పోతుంది. ముందెక్కడో ఓపీలో, అంటే శత్రువును గమనించే చోట, కూర్చున్న ఆఫీసర్ చూసి వైర్‌లెస్‌లో అంకెలు చెబుతాడు, వీళ్లు ఆ అంకెల ప్రకారం పేలుస్తారు. తగిలిందో లేదో కూడా మళ్లీ అంకెల్లోనే తెలుస్తుంది.

ఇదంతా ఎందుకంటే, ఇంట్లో పిల్లలు "తాతయ్యా, నువ్వెంతమందిని చంపావు" అని అడుగుతారు. సినిమాలు చూసి పెరిగిన పిల్లలు మరి. చెప్పడానికి ఆయన దగ్గర అలాంటి కథ ఉండదు. ఉన్నది రాత్రి చలి, బురద, చెవులు గింగురుమనడం, పక్కవాడితో పంచుకున్న చపాతీ. అది యుద్ధంలా వినిపించదు కాబట్టి ఇంట్లో ఎవరూ కూర్చుని వినరు. ఫోన్లో అటువైపు ఉన్నవాడికి మాత్రం వివరించక్కర్లేదు, సగం మాటకే అర్థమవుతుంది. అందుకే ఆ ఫోన్లు అంతసేపు సాగుతాయి. తమిళుడో, మలయాళీయో, మన కోస్తావాడో, కలిపే భాష హిందీ అయింది.

విశాఖలో ఉండటం కూడా ఆయనకు కొంచెం చిత్రంగానే ఉంటుందని నా ఊహ. ఈ ఊళ్లో 1971 అంటే నేవీ. డిసెంబర్ 3 రాత్రి దాటాక మన తీరంలో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, బీచ్ రోడ్డులో 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం, ఏటా డిసెంబర్ 4న నేవీ డే. ఊరు ఊరంతా ఆ సంబరంలో ఉంటుంది. ఆ రోజుల్లోనే ఈయన ఇక్కడికి రెండువేల కిలోమీటర్ల అవతల, పంజాబ్, జమ్మూ సరిహద్దుల దగ్గర పొలాల్లో గన్ పక్కన గొయ్యి తవ్వుతున్నారు. ఆ యుద్ధానికి మీ వీధిలో సాక్షులెవరూ లేరు. ఉన్నవాళ్లు ఆ తొమ్మిది మందే.

ఇక మీ ఆయన వైపు కూడా మాట్లాడాలి, ఎందుకంటే ఆయన్ని దోషిగా నిలబెట్టి మీ ఇంట్లో శాంతి రాదు. "ఆ పెట్టెకున్న విలువ మాకెప్పుడైనా ఉందా" అన్నారని రాశారు. ఉత్తరం మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. ఆయన చిన్నప్పుడు నాన్న అంటే ఏడాదికి రెండు నెలల సెలవు. బడిలో ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ సంతకం. జ్వరం వస్తే అమ్మ. నాన్న పూర్తిగా ఇంటికొచ్చేసరికి ఈయనకి మీసాలు వస్తుంటాయి. తనకి దొరకని నాన్న ఆ పెట్టెలో ఎవరెవరి భుజాల మీదో చేతులేసి నవ్వుతున్నాడు. కవరు తెలీకే మంటలో పడిందని మీరంటున్నారు, నమ్ముతాను. కానీ విప్పి చూడకుండా వెయ్యబుద్ధి పుట్టిందే, దానికి వెనక ఇన్నేళ్లు ఉన్నాయి. ఈ మాట మీ ఆయన తండ్రితో చెప్పాలి, ఫోన్ల పని అయ్యాక, వేరే రోజున. రెండూ కలిపితే క్షమాపణ కాస్తా పాత బాకీ వసూలు అయిపోతుంది.

ఫొటోలు మళ్లీ దొరకవని అప్పుడే అనుకోకండి. ఆ రోజుల్లో కెమెరా ఒక్కడికి ఉంటే ప్రింట్లు పదిమందికి కొట్టించేవారు. నెగటివ్ కాలినా ఏ ఇంట్లోనో, ఏ దేవుడి పటం వెనకో ఒక ప్రింటు ఉండొచ్చు. చనిపోయినవారి ఇళ్లకి కూడా ఫోన్ చేసి అడగాలి, పెళ్లయి వెళ్లిన కూతుళ్ల దగ్గర ఎక్కువగా దొరుకుతాయి. ఈసారి అసలు ఫొటోలు పంపించమనొద్దు. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, అద్దం తీసి, ఫోన్‌ను ఫొటోకి సూటిగా పట్టి తీసి, వాట్సాప్‌లో మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. లేకపోతే మొహాలు నలిగిపోయి వస్తాయి. దగ్గర్లో స్కానర్ ఉన్నవాళ్లు ఆరువందల డీపీఐలో స్కాన్ చేయిస్తే ఇంకా మంచిది.

పెట్టెలో మిగిలినవాటికి మన ఊరి సముద్రపు గాలే శత్రువు. ప్లాస్టిక్ కవర్లలో కుక్కితే చెమ్మ పట్టి బూజు వస్తుంది, జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటిస్తే పదేళ్లకి ఊడిరావు. లామినేషన్ అసలే వద్దు. మామూలు తెల్ల కాగితం మధ్యన పెట్టి, స్టీలు బీరువాలో పై అరలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. మంచం కింద మాత్రం వద్దు. 2014 హుద్‌హుద్‌కి ఎన్ని ఇళ్లలో కింద పెట్టినవన్నీ తడిశాయో మీకు గుర్తుండే ఉంటుంది. కాపీలు ఇంట్లో ఒకచోట, బయట ఇంకొకరి దగ్గర ఒకచోట ఉండాలి. ఒక్క మనిషి, ఒక్క పెట్టె మీద అందరి జ్ఞాపకాలూ ఆధారపడటం వల్లే కదా ఇంత జరిగింది.

ఫొటోకన్నా తొందరైన పని పేర్లు. ఎడమ నుంచి మూడోవాడు ఎవరో చెప్పగలిగినవాళ్లు ఇంకెన్నాళ్లుంటారు? ఇక్కడ మీ అబ్బాయి పనికొస్తాడు. అయితే తండ్రికీ తాతకీ మధ్య రాయబారిగా కాదు, తాతకి రాతగాడిగా. రోజుకి ఒక ఫొటో చాలు. ఇది ఎక్కడ, ఎవరెవరు, గన్ మీద ఎవరి పని ఏమిటి, ఆ రోజు ఏం తిన్నారు. వెనకాల రాసేటప్పుడు మెత్తని పెన్సిల్‌తో, అంచున. బాల్ పెన్ను అవతలి వైపు అచ్చు దిగుతుంది. కాలిపోయిన ఫొటోలకీ ఆల్బమ్‌లో చోటు వదలమనండి. ఖాళీ గడి, దాని కింద ఆయన చెప్పిన వర్ణన: ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, వెనక ఏ చెట్టు ఉంది. సోంపేట ఆవిడ భర్త పేజీ మొదట ఆ పద్ధతిలోనే తయారుచేసి ఆవిడకి పంపండి. ఆయన్ని గన్ దగ్గర చూసినవాడు చెప్పిన నాలుగు మాటలు ఆవిడకి ఇప్పటిదాకా దొరికి ఉండవు. మాట్లాడేటప్పుడు రికార్డు చెయ్యాలనుకుంటే ఆయన్ని అడిగి చెయ్యండి. ఏదైనా దగ్గర ఆగిపోతే "తర్వాతేమైంది" అని లాగకండి. చెప్పకుండా ఉండే హక్కు ఆయనకుంది.

ఒక అనుమానం. కొడుకు పిలిస్తే పలకడం లేదంటున్నారు. అందులో కొంత అలక, కొంత చెవుడు కూడా కావచ్చు. ఆ రోజుల్లో గన్ దగ్గర చెవిలో దూది పెట్టుకుంటే అదే గొప్ప రక్షణ. పేలుళ్లకి లోపలి చెవిలో కణాలు దెబ్బతింటే తిరిగి రావు, ముందు పోయేవి సన్నని శబ్దాలు. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు, స, ష లాంటి అక్షరాలు సరిగ్గా వినపడవు. ఫోన్లో గొంతు పెంచేది కూడా అందుకే. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే పాలీక్లినిక్‌కి తీసుకెళ్లి వినికిడి పరీక్ష చేయించండి. మెషిన్ పెట్టుకుంటే ఇంట్లో సగం అపార్థాలు తగ్గిన కుటుంబాలు నాకు తెలుసు.

రాత్రులు ఉలిక్కిపడి లేవడం, తిండి తగ్గడం, "ఇంకెందుకు బతకడం" లాంటి మాటలు రావడం గమనిస్తే మాత్రం ఆల్బమ్ సంగతి పక్కనపెట్టి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు. పాత ఫొటోలు చూసుకోవడం, పాత స్నేహితులతో గంటలు మాట్లాడటం జబ్బు కాదు. ఆయన విషయంలో అవి ఆగిపోవడమే నాకు ఆందోళనగా ఉంది.

సెప్టెంబర్ 28 గన్నర్స్ డే. 1827లో ఆ రోజున పుట్టిన ఒక మౌంటెన్ బ్యాటరీ పేరున ఆర్టిలరీ వాళ్లు ఏటా చేసుకుంటారు. ఆ రోజున రాగలిగిన నలుగురైదుగురిని మీ ఇంటికే భోజనానికి పిలవమని మావయ్యగారితో మీరే అనండి. ఇరుకిల్లని మొహమాటపడకండి, వాళ్లు టెంట్లలో బతికినవాళ్లు. వచ్చాక మీ ఆయన వాళ్ల మధ్య కూర్చోవాలి, టీవీ గదిలోకి వెళ్లిపోకూడదు.

పెన్షన్ డబ్బు గురించి ఒక్క ముక్క. అది ఆయన డబ్బు. ఇంటి ఖర్చులకి ఇవ్వాల్సింది ఇస్తూ మిగిలింది ఆల్బమ్‌కి పెట్టుకుంటే దాని లెక్క మీరిద్దరూ అడగకండి. పైగా ఈసారి ప్రింటింగ్ ఖర్చు మీ ఆయన పెట్టుకుంటానంటే బాగుంటుంది. తీసుకుంటారో లేదో ఆయన ఇష్టం.