కంటైనర్ పరిమాణం నిర్ణయించే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కర్మాగారంలో సరుకు నింపడం, నిల్వ చేయడం, బయటికి పంపడం అనే మూడు పనులూ నీకు అప్పగించారని, ఏ పరిమాణం డ్రమ్ములు, సంచులు, ట్యాంకులు, కంటైనర్లు తెప్పించాలో ఇకపై నీవే నిర్ణయించాలని చదివి చాలా సంతోషించాను. అన్నిటికన్నా పెద్దది తీసుకుంటే కిలోకు పడే ఖర్చు తగ్గుతుంది కదా అని అడిగావు. కాగితం మీద తగ్గుతుంది. అయితే సరుకు నింపే చోటు నుంచి దాన్ని వాడే చోటు వరకు ఉన్న దారిలో ఎక్కడో ఒక చోట అన్నిటికన్నా తక్కువ మోయగలిగే యంత్రమో, అన్నిటికన్నా ఇరుకైన తలుపో ఉంటుంది. నీవు తెప్పించే డ్రమ్ము, సంచి, ట్యాంకు వంటి పాత్ర పరిమాణాన్ని చివరికి నిర్ణయించేది అదే. అందువల్ల ధరల పట్టిక తెరవడానికి ముందే సరుకు అందుకునేవారికి ఫోన్ చేసి, వారి దగ్గర ఏ ఫోర్క్‌లిఫ్ట్ (సరుకు ఎత్తే బండి) ఉంది, తలుపు ఎత్తెంత, ఒక్కో విడతకు ఎంత సరుకు వాడతారు అని అడిగి రాసుకో.

ఆ తర్వాత నీ సరుకు సాంద్రతను నీవే స్వయంగా కొలువు. ద్రవమైతే ఇది సులువు. పొడి, గింజ, గుళికల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఒకే పదార్థానికి వదులుగా పోసినప్పుడు ఒక సాంద్రత, కుదిపి సర్దుకున్న తర్వాత మరొక సాంద్రత ఉంటాయి. యంత్రం నుంచి అప్పుడే దిగిన పొడిలో గాలి ఎక్కువగా ఉండడం వల్ల సంచి నిండినట్టు కనిపిస్తుంది. మర్నాటికి జానెడు కిందికి దిగిపోతుంది. కొలత తెలిసిన బకెట్టులో వదులుగా పోసి ఒకసారి, బాగా తట్టి మళ్ళీ నింపి ఒకసారి తూచితే రెండు అంకెలూ చేతికొస్తాయి. అనుకున్న బరువు సంచిలో పడుతుందా లేదా అన్నది మొదటి అంకెను బట్టి, అనుకోకుండా బరువు మించిపోయే ప్రమాదం ఎంత అన్నది రెండో అంకెను బట్టి తేల్చుకోవాలి.

ఇప్పుడు ఓడ కంటైనర్ల లెక్క చూద్దాం. 20 అడుగుల కంటైనర్ లోపల సుమారు 33 ఘనమీటర్ల చోటు ఉంటుంది. మొత్తం బరువు పరిమితి సాధారణంగా 30,480 కిలోలు. ఖాళీ కంటైనర్ బరువు తీసేస్తే సరుకుకు సుమారు 28 టన్నులు మిగులుతాయి. 40 అడుగులది చోటులో రెట్టింపు, అంటే సుమారు 67 ఘనమీటర్లు; కానీ చాలా వాటి మీద బరువు పరిమితి అదే 30,480 కిలోలు. ఖాళీ బరువు ఎక్కువ కావడంతో సరుకుకు మిగిలేది 27 టన్నుల లోపే. ఈ ఒక్క విషయం సరిగా అర్థమైతే సగం పొరపాట్లు తప్పుతాయి. 28ని 33తో భాగిస్తే ఘనమీటరుకు సుమారు 0.85 టన్నులు వస్తుంది. 40 అడుగుల దానికి అదే లెక్క వేస్తే 0.4 వస్తుంది. నీ సరుకు సాంద్రత 0.85కు దగ్గరగా గానీ అంతకు మించి గానీ ఉంటే 40 అడుగుల కంటైనర్‌లో సగానికి పైగా ఖాళీ గాలిని మోయించినట్టే. గోధుమల సాంద్రత సుమారు 0.77; వాటికి 20 అడుగులది చక్కగా సరిపోతుంది. దూది, నురుగు దిమ్మెలు, ఖాళీ డబ్బాల వంటి తేలికైన సరుకుకు 40 అడుగులది, ఇంకా చాలకపోతే ఒక అడుగు ఎత్తు ఎక్కువుండే హై క్యూబ్ మంచిది. అందులో సుమారు 76 ఘనమీటర్లు పడుతుంది. కంటైనర్ తలుపు మీద రాసిన పరిమితి ఆ కంటైనర్ బలానికి సంబంధించినదే. రోడ్డు మీద ఇరుసుకు ఎంత బరువు అనుమతిస్తారన్నది దేశాన్ని బట్టి మారుతుంది, చాలాసార్లు అది ఇంకా తక్కువగా ఉంటుంది. కాబట్టి సరుకు దాటే ప్రతి దేశపు రోడ్డు పరిమితినీ తెలుసుకుని, వాటిలో అన్నిటికన్నా చిన్న అంకెను పట్టుకుని లెక్క వేయి.

ఈ పెట్టెల పొడవులు మొదటి నుంచీ ఇలా లేవు. 1956 ఏప్రిల్ 26న అమెరికా ట్రక్కు వ్యాపారి మాల్కం మెక్లీన్ నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు ఐడియల్ ఎక్స్ ఓడ మీద 58 పెట్టెలు పంపాడు; ఆయన సంస్థ పెట్టెలకు ఎంచుకున్న పొడవు 35 అడుగులు. అప్పటి ట్రక్కు ట్రైలర్ల పొడవును బట్టి ఆ కొలత వచ్చింది. రెండేళ్ల తర్వాత పసిఫిక్ మహాసముద్రంలో ఓడలు నడిపిన మ్యాట్సన్ సంస్థ తన సరుకును, తన దారిని లెక్క వేసుకుని 24 అడుగులు ఎంచుకుంది. ఇద్దరూ తమ దారికి తగిన కొలతే తీసుకున్నారు గానీ ఒకరి పెట్టె మరొకరి ఓడలో కుదరలేదు. 20, 40 అడుగుల కొలతలు అంతర్జాతీయ ప్రమాణాలుగా స్థిరపడింది ఆ తర్వాతే. నీకు కూడా ఏదైనా ప్రత్యేక కొలత పాత్ర చేయించుకోవాలని అనిపిస్తే, అది ఇతరుల ట్రక్కులో, ఇతరుల అరలో, ఇతరుల ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పీట) మీద నిలుస్తుందా అని ముందు చూసుకో.

ప్యాలెట్ల దగ్గర సెంటీమీటర్లు కూడా లెక్కకు వస్తాయి. కంటైనర్ లోపలి వెడల్పు సుమారు 2.35 మీటర్లు. 1200 మిల్లీమీటర్ల వైపులు రెండు పక్కపక్కన పెడితే 2.40 అవుతుంది, అయిదు సెంటీమీటర్ల తేడాతో పట్టవు. 1200 × 1000 ప్యాలెట్లను ఒకటి నిలువుగా, పక్కన ఒకటి అడ్డంగా పెడితే 2.20 అవుతుంది, పడతాయి. ఆ పద్ధతిలో 20 అడుగుల కంటైనర్ నేల మీద పది సర్దవచ్చు. 200 లీటర్ల ఉక్కు డ్రమ్ములు నాలుగు నిలపాలంటే మాత్రం 1200 × 1200 ప్యాలెట్ కావాలి; చిన్న ప్యాలెట్ మీద పెడితే డ్రమ్ము అంచు బయటికి వేలాడి, మొదటి కుదుపుకే పక్క డ్రమ్మును నొక్కుతుంది. ప్యాలెట్ లేకుండా సర్దితే అవే డ్రమ్ములు రెండు వరుసల ఎత్తున 80 పడతాయి. అయితే వాటిని దించడానికి అవతల తగిన పరికరం ఉందో లేదో కనుక్కోకుండా ఆ పద్ధతికి ఒప్పుకోవద్దు.

ఎత్తు విషయంలో అందరూ గది ఎత్తు చూస్తారు, తలుపు ఎత్తు చూడరు. సాధారణ కంటైనర్ లోపల ఎత్తు సుమారు 2.39 మీటర్లు, తలుపు ఎత్తు సుమారు 2.28 మాత్రమే. ఇనుప చట్రంలో బిగించిన 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, మనం ఐబీసీ అనేది, సుమారు 1.16 మీటర్ల ఎత్తు ఉంటుంది. రెండు పేర్చితే 2.32. లోపల నిలుస్తాయి గానీ పేర్చి ఉండగా తలుపు దాటవు.

ఈ ఐబీసీ గురించి మరో మాట. పేరుకు 1,000 లీటర్లు అయినా అది మోసే బరువు ద్రవాన్ని బట్టి మారుతుంది: నీళ్ళయితే 1,000 కిలోలు, 50 శాతం కాస్టిక్ సోడా ద్రావణమైతే సుమారు 1,520, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే సుమారు 1,840. దాని పలక మీద ముద్రించిన గరిష్ఠ బరువు, పైన పేర్చదగిన బరువు రెండూ చదివిన తర్వాతే నింపించు. ఫోర్క్‌లిఫ్ట్ మీద రాసిన సామర్థ్యాన్ని కూడా ఉన్నదున్నట్టు నమ్మవద్దు. మామూలు యంత్రాలకు ఆ అంకె బరువు కేంద్రం ఫోర్కుల మొదలు నుంచి 500 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పటి మాట. 1200 పొడవున్న పాత్రను దాని పొడవు వెంట ఫోర్కులు దూర్చి ఎత్తితే కేంద్రం 600కు జరుగుతుంది, సామర్థ్యం తగ్గుతుంది. ఎత్తుకు లేపేకొద్దీ ఇంకా తగ్గవచ్చు.

కొక్కేనికి తగిలించి ఎత్తే పెద్ద జంబో సంచుల విషయంలో నా పొరపాటు ఒకటి నీకు తప్పకుండా చెప్పాలి. తొలి రోజుల్లో, సాంద్రత 0.7 ఉన్న పొడికి 1.4 ఘనమీటర్ల సంచి, 1,000 కిలోల పరిమితితో ఎంచుకున్నాను. నిండుగా పోస్తే 980 కిలోలు, లెక్క సరిగ్గా ఉంది. కొన్నాళ్ళకు పొడి రకం మారి సాంద్రత 0.95 అయింది. అవే సంచులను అలవాటుగా నిండుగా నింపారు, ఒక్కోటి 1,330 కిలోలైంది. పైగా ఆ సంచులు ఒకసారి వాడినవి, నెలల తరబడి ఎండలో పడి ఉన్నవి. కొక్కేనికి వేలాడుతున్న సంచి పట్టీలు తెగి సరుకు అంతా నేల మీద పడింది. కింద ఎవరూ లేరు. ఆ రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. ఒక్కసారి వాడే సంచిని పరిమితికి 5 రెట్ల బలంతో, మళ్ళీ మళ్ళీ వాడేదాన్ని 6 రెట్ల బలంతో తయారుచేస్తారు. ఎండ ఆ బలాన్ని తినేస్తుంది. సంచి పరిమాణం ఎంచుకునేటప్పుడు, నీ సరుకు ఎంత బరువెక్కినా నిండుగా పోస్తే పరిమితి దాటనంత చిన్నదే తీసుకో. అడుగు భాగం 90 సెంటీమీటర్లు ఉన్న మామూలు సంచి నిండాక గుండ్రంగా ఉబ్బి మీటరు దాటుతుందని, ఎత్తు ఆ అడుగు భాగం కొలతకు రెట్టింపు మించితే నిలకడ పోతుందని కూడా గుర్తుంచుకో. లోపల అడ్డుగుడ్డలు కుట్టిన సంచులు చతురస్రంగానే నిలుస్తాయి కాబట్టి కంటైనర్‌లో చోటు వృథా కాదు.

ద్రవాలకు పైన ఖాళీ వదలాలని నీకు తెలుసు. పెట్రోలు వంటివి 30 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 3 శాతం వ్యాకోచిస్తాయి. అయితే ఎక్కువ ఖాళీ కూడా ప్రమాదమే. సగం నిండిన ట్యాంకులో ద్రవం ముందుకూ వెనక్కూ, పక్కలకూ దూకి మలుపులో వాహనాన్ని పడగొట్టగలదు. అందుకే లోపల అడ్డుపలకలు లేని పెద్ద ట్యాంక్ కంటైనర్‌లో ప్రమాదకర ద్రవాలను 20 శాతానికి మించి, 80 శాతానికి తక్కువగా నింపి పంపడాన్ని అంతర్జాతీయ నియమాలు ఒప్పుకోవు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నే తీసుకో. 36 టన్నుల పరిమితి ఉన్న ట్యాంకులో, రోడ్డు అనుమతించినా, సుమారు 17,500 లీటర్లకు మించి పోయలేవు. అది 26,000 లీటర్ల ట్యాంకులో 67 శాతమే, పంపకూడదు. 21,000 లీటర్ల ట్యాంకులో 83 శాతం, పంపవచ్చు. పెద్ద ట్యాంకు తప్పు, చిన్నది ఒప్పు అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

నిల్వ పాత్రలకు ఒక్కో విడత వాడకమే కొలబద్ద. విడతకు 850 కిలోలు కావాలంటే 1,000 కిలోల సంచి తెప్పించవద్దు. ప్రతిసారీ 150 కిలోలు నోరు తెరిచి మిగిలి, తేమ పట్టి, ఎవరి లెక్కలోకీ రాకుండా మూలన చేరతాయి. సరఫరాదారు చేత 850 కిలోలే నింపించు. ద్రవం కారితే ఆపడానికి ట్యాంకుల చుట్టూ కట్టే గట్టు, వాటిలో అన్నిటికన్నా పెద్ద ట్యాంకులో పట్టేదానికి 110 శాతం పట్టేలా ఉండడం చాలా చోట్ల పాటించే పద్ధతి కాబట్టి, ట్యాంకు పెంచితే గట్టూ పెంచాలి.

ఓడ ఎక్కే ప్రతి నిండు కంటైనర్‌కూ తూచి ధ్రువీకరించిన మొత్తం బరువును ముందే తెలియజేయాలన్న నియమం 2016 జూలై 1 నుంచి అమలులో ఉంది. కట్టెలు, ప్యాలెట్లు, తాళ్ళు అన్నీ ఆ బరువులోకే వస్తాయి కనుక, నీ లెక్కలో వాటికి మొదటి నుంచే చోటు ఉంచు.

నీ పదార్థం సాంద్రతలు రెండూ, అవతలి వారి ఫోర్క్‌లిఫ్ట్ సామర్థ్యం, తలుపు కొలత, విడత వాడకం రాసి పంపు. ఆర్డరు పెట్టే ముందు ఒకసారి లెక్క నేనూ సరిచూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న