సెఖోన్ ఎన్ని శత్రు విమానాలు కూల్చారు? ఒక్కటీ కూల్చకపోతే పరమవీర చక్ర ఎలా ఇచ్చారు?

లెక్క అడిగారు కాబట్టి ముందు లెక్కే చెబుతాను. ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీదికి దాడికొచ్చిన ఆరు పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాల్లో రెండింటిని దెబ్బతీశారని ఆయన ప్రశంసాపత్రం చెబుతుంది. దెబ్బతీశారని, అంతే. ఆరూ తిరిగొచ్చాయని పాకిస్తాన్ వాళ్ళంటారు. డిసెంబర్ వచ్చిందంటే చాలు, ఆరు విమానాలనూ ఒక్కడే కూల్చేశాడంటూ వాట్సాప్‌లో తిరిగే పోస్టులు ఆయనకు గౌరవం కాదు. చేసిన పనే అంత పెద్దదైతే దానికి చేయని పని ఎందుకు తగిలించాలి?

ఆ పతకం కూల్చిన విమానాలకు వచ్చింది కాదు. రన్‌వే మీద బాంబులు పడుతుండగా గాల్లోకి లేచినందుకు వచ్చింది. ఆ లేవడం ఎలాంటిదో ఎవరూ వివరంగా రాయరు, నేను చెప్పాలనుకున్నదీ అదే.

1948 నాటి ఒప్పందం వల్ల శ్రీనగర్‌లో యుద్ధ విమానాలు ఉంచేవాళ్ళు కాదు. 1971 యుద్ధం మొదలయ్యాకే వాయుసేన 18వ స్క్వాడ్రన్ నుంచి నాట్ అనే చిన్న యుద్ధ విమానాలు కొన్ని అక్కడికి చేరాయి. పైలట్లకు ఆ లోయ కొత్త, ఆ చలి కొత్త. ఎయిర్‌ఫీల్డ్ సముద్ర మట్టానికి సుమారు 5,400 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సాంద్రత దాదాపు 15 శాతం తక్కువ. లేచేటప్పుడు వేగం చూపే మీటర్‌లో ఎప్పటి అంకే కనిపిస్తుంది గానీ చక్రాలు మాత్రం నేలమీద 8 శాతం ఎక్కువ వేగంతో దొర్లాలి. ఇంజన్ తోపు కూడా తగ్గుతుంది. రెండూ కలిస్తే లేవడానికి కావాల్సిన రన్‌వే పరుగు మైదానంలో కంటే మూడోవంతుకు పైగా పెరుగుతుంది. డిసెంబర్ చలి దీన్ని కాస్త పూడుస్తుంది, కాస్తే. చుట్టూ కొండలు కాబట్టి తక్కువ ఎత్తులో వచ్చే విమానం రాడార్‌కు ఆనదు. కొండల మీద కాపు కాసేవాళ్ళు కళ్ళతో చూసి కబురు చేయాలి. అప్పటికి మిగిలేది నిమిషాలే.

ఆ ఉదయం సిద్ధంగా ఉన్న జంటలో లీడర్ ఫ్లయిట్ లెఫ్టినెంట్ ఘుమ్మన్, రెండో విమానం సెఖోన్‌ది. ఘుమ్మన్ ముందు లేచారు. ఆయన జెట్ లేపిన దుమ్ము రన్‌వేను కప్పేసింది. సెఖోన్ ఆగాల్సి వచ్చింది. ఈ ఆగడాన్ని తడబాటుగా చదివేవాళ్ళున్నారు, అది పూర్తిగా తప్పు. నాట్ చాలా చిన్న విమానం, గాలి పీల్చే మూతులు నేలకు దగ్గరగా ఉంటాయి. ఆ దుమ్ములోకి దూరితే రాళ్ళూ మట్టీ ఇంజన్ లోపల గాలిని నొక్కే కంప్రెసర్ రెక్కలను కొరికేస్తాయి, సరిగ్గా లేచే క్షణంలో ఇంజన్ చతికిలపడుతుంది. పైగా రన్‌వే గీత కనపడకుండా ఆ వేగంలో తిన్నగా పోవడం కుదరదు. ఆగడమే సరైన పని.

ఆగేసరికి ఆరు సేబర్లు నెత్తిన ఉన్నాయి. అప్పుడు కాక్‌పిట్ దిగి కందకంలోకి దూకి ఉంటే ఒక్కరూ తప్పుపట్టేవారు కాదు. టేకాఫ్ పరుగులో విమానం అంత నిస్సహాయంగా మరెప్పుడూ ఉండదు. పక్కకు తిరగలేదు, తుపాకీ గురి పెట్టలేదు. లేచాక కూడా చక్రాలు లోపలికి వెళ్ళేదాకా వేగం అందుకోదు, ఎందుకంటే నాట్‌లో చక్రాల తలుపులే గాలి బ్రేకులు. పైనున్నవాడికి మాత్రం తిన్నటి గీత మీద పోతున్న గురి దొరుకుతుంది. సెఖోన్ థ్రాటిల్ ముందుకే తోశారు.

లేస్తూనే రెండు సేబర్ల వెనక పడ్డారు. నాట్‌కు ‘సేబర్ స్లేయర్’ అని పేరు. రెక్కల నిడివి 6.75 మీటర్లే, సేబర్‌ది 11.3 మీటర్లు. అందుకే శత్రువు కంటికి సులువుగా దొరకదు, నిట్టనిలువుగా ఎక్కడంలో సేబర్‌ను వెనక్కి నెడుతుంది. కానీ అలా ఎక్కాలంటే చేతిలో వేగం ఉండాలి. అప్పుడే నేల వదిలిన విమానానికి అదెక్కడిది? చెట్ల ఎత్తులో చుట్టూ తిరుగుతూ పోరాడటం ఒక్కటే మిగిలింది. అక్కడ నాట్ బలమేదీ పనికిరాదు. ఒకడి వెనక పడితే ఇంకొకడు నీ వెనక చేరతాడు. ఆయుధం సంగతీ చూడండి. రెండు 30 మి.మీ. ఆడెన్ ఫిరంగులు, ఒక్కోదానికి 115 గుండ్లు. సెకనుకు 20 చొప్పున పోతే ఆరు సెకన్లకు ముందే ఖాళీ. సేబర్‌లోని ఆరు మెషిన్ గన్లకు దాదాపు పదిహేను సెకన్ల తూటాలుంటాయి. నాట్ ఫిరంగులు మధ్యలో మొరాయించడం అప్పట్లో అందరికీ తెలిసిన బెడద. ఇన్నింటి మధ్య రెండు విమానాలకు దెబ్బ తగిలించడం మామూలు గురి కాదు.

తనకు దెబ్బ తగిలినట్టుందని, రమ్మని ఘుమ్మన్‌కు రేడియోలో చెప్పడం ఆయన చివరి మాటల్లో ఒకటి. విమానం కాసేపు రెక్కలు సమంగా పెట్టుకుని ఎగిరి, తలకిందులై పడిపోయిందని, చివర్లో కాక్‌పిట్ పైకప్పు ఎగిరిపోవడం కనిపించిందని కథనాలున్నాయి. ఇది నాట్ నిర్మాణానికి సరిపోయే విషయమే. దాని తోక హైడ్రాలిక్ ఒత్తిడితో కదులుతుంది. గొట్టం తెగితే చేతి బలంతో నడిపే పద్ధతికి మారాలి, అందుకు వరసగా కొన్ని పనులు చేయాలి, ఎత్తు కావాలి, సమయం కావాలి. ఆయనకు రెండూ లేవు. తలకిందులైన విమానంలోంచి ఆ ఎత్తులో సీటు పేల్చుకున్నా పారాచూట్ విచ్చుకోదు. శకలాలు దొరికాయి, ఆయన దేహం దొరకలేదు. వాయుసేనలో అధికారిగా 1967 జూన్ 4న చేరారు, చనిపోయేనాటికి పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు.

ఘుమ్మన్ సెఖోన్‌ను ఒంటరిగా వదిలేసి పోయారని నెట్‌లో రాసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. మసక వెలుతురులో, లోయలో, ఆరు మీటర్ల పైచిలుకు రెక్కలున్న విమానం కంటి ముందు నుంచి ఒక్కసారి తప్పిపోతే మళ్ళీ పట్టుకోవడం ఎంత కష్టమో వాళ్ళు ఆలోచించరు.

సెఖోన్‌కు కనీసం గుర్తింపు వెంటనే వచ్చింది. 21 మంది పరమవీరుల్లో వాయుసేన నుంచి ఆయనొక్కరే. స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య సంగతి చూడండి. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడిలో పాత మిస్టేర్ విమానంతో, తన కంటే ఎంతో వేగమైన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానాన్ని కూల్చి ప్రాణాలిచ్చారు. మహావీర చక్ర 1988లో ప్రకటించారు. ఇరవై మూడేళ్ళు!

చివరగా ఒక విన్నపం. సెఖోన్ పోస్టుకు మిగ్-21 ఫోటో తగిలించకండి. ముక్కు మధ్యలో శంకువు ఉంటే అది మిగ్. ముక్కు నోరు తెరిచినట్టు ఉంటే సేబర్, అంటే శత్రువుది! నాట్ ముక్కు మూసి ఉంటుంది, గాలి కాక్‌పిట్‌కు రెండు పక్కల నుంచి లోపలికి పోతుంది, రెక్కలు ఒంటి పైభాగాన మొదలై కొసల దగ్గర కొద్దిగా కిందికి వాలి ఉంటాయి. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో ఒకటుంది, ఆ ఫోటో వాడండి.