రెండు వ్యాసాలు, ఒక సినిమా

తమ్ముడూ,

నువ్వు పంపిన రెండు వ్యాసాలూ చదివాను. కమల్ హాసన్‌తో మణిరత్నం తీసిన 'థగ్ లైఫ్' విడుదలకు ముందు రాసింది ఒకటి, మొదటి రోజు ఆట చూసొచ్చి రాత్రికి రాత్రే రాసింది ఇంకొకటి. మొదటిదాంట్లో మణిరత్నం దేవుడు. రెండోదాంట్లో ఇక ఇంట్లో కూర్చోవాల్సిన పెద్దాయన. రెండూ కలిపి పద్నాలుగు పేజీలు. ఆ సినిమాలో ఒక్క సీను ఎలా నడిచిందో మాత్రం ఎక్కడా లేదు. నీ వాక్యం బాగుంటుంది, చదివిస్తుంది. అందుకే పనిగట్టుకుని ఈ ఉత్తరం.

ముందు ఆ ఎదురుచూపు సంగతి. అంత ఆశ నీకెలా పుట్టిందో విడదీసి చూశావా? 2023 నవంబరులో, కమల్ హాసన్ పుట్టినరోజుకు ముందు రోజు, టీజర్ వదిలారు. అందులో ఆయన తన పేరు రంగరాయ శక్తివేల్ నాయకర్ అని చెప్పుకుంటాడు. 1987లో మణిరత్నం, కమల్ కలిసి చేసిన 'నాయకన్'లో హీరో శక్తివేలు నాయకర్. మనం 'నాయకుడు' అని డబ్బింగులో చూసిన సినిమా. అంటే ఆ పాత సినిమాను లేపి మన ముందు నిలబెట్టడానికి ఒక్క పేరు సరిపోయింది. తర్వాత దుల్కర్ సల్మాన్, జయం రవి ఉన్నారన్నారు, లేరన్నారు, శింబు వచ్చాడన్నారు. 2025 మేలో ఆడియో వేడుకలో 'ముత్త మళై' పాటను చిన్మయి పాడితే ఊరూవాడా అదే మోత. తమిళ రికార్డింగులో అది ధీ పాడిన పాట. మన తెలుగులో మాత్రం మొదటి నుంచీ చిన్మయి గొంతే.

ఆ పాట థియేటర్లో లేదని నువ్వు ఒక పేజీ నిండా ఏడ్చావు. కోపం న్యాయమే. కానీ అది ప్రచారం మీద కోపం. ప్రచారం మనకిచ్చిన మాట తప్పడం వేరు, సినిమా తన మొదటి అరగంటలో తానిచ్చిన మాట తప్పడం వేరు. మొదటిదానికి ఒక వాక్యం చాలు, రెండోదాని మీద నీ పేజీలన్నీ ఖర్చు పెట్టు.

'నాయకన్'తో పోల్చకూడదని నీకు చాలామంది చెప్పే ఉంటారు. నేను చెప్పను. పేరు పెట్టి మరీ గుర్తు చేసింది వాళ్ళే, కాబట్టి పోల్చు. అయితే "అప్పటి గగుర్పాటు ఇప్పుడు లేదు" అని రాశావే, ఆ రకంగా కాదు. నీకు ఇరవై మూడేళ్ళు. నువ్వు 'నాయకన్' చూసేసరికే అది గొప్ప సినిమా అని లోకమంతా తీర్మానించి పెట్టింది. నీ గగుర్పాటులో ఎంత సినిమాది, ఎంత ఆ కీర్తిది, చెప్పడం కష్టం. కథలో ముడి ఎలా వేశారో మాత్రం ఇద్దరం కూర్చుని చూసి చెప్పుకోవచ్చు.

'నాయకన్'లో తండ్రిని పోలీసులు కాల్చేస్తే, కొడుకు వేలు ఆ పోలీసును పొడిచి బొంబాయి పారిపోతాడు. పెద్దయ్యాక కేల్కర్ అనే ఇంకో పోలీసును చంపుతాడు, తర్వాత అతని భార్యనూ, ఏమీ తెలియని కొడుకునూ తనే పోషిస్తాడు. ఆ పిల్లవాడు సినిమాలో నాలుగైదు చోట్ల కనిపిస్తాడు, అంతే. మనం వాణ్ణి దాదాపు మరిచిపోతాం. కోర్టు వేలు నాయకర్‌ను వదిలేసిన రోజు, బయట, వాడే కాలుస్తాడు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ నాలుగైదు సీన్లూ ఎందుకున్నాయో తెలుస్తుంది.

'థగ్ లైఫ్' మొదలయ్యేది కూడా ఇలాంటి ముడితోనే. 1994, పాత ఢిల్లీ, పోలీసు కాల్పులు. పేపర్లు వేసుకునే ఒక తండ్రి మధ్యలో చచ్చిపోతాడు, చెల్లెలు తప్పిపోతుంది, మిగిలిన పిల్లవాడు అమరన్‌ను శక్తివేల్ తన వెంట తీసుకెళ్ళి పెంచుతాడు. చాలా బలమైన మొదలు ఇది. దీనికి కావలసింది ఒక్కటే: ఆ పెంపకం మన కళ్ళముందు జరగాలి. సినిమా ఏం చేసిందో చూడు. ఏళ్ళు దాటేసి, శింబును ఎదిగిన కొడుకుగా తెచ్చి నిలబెట్టి, ఇద్దరికీ ప్రాణానికి ప్రాణం అని మాటల్లో చెప్పించింది. చుట్టూ ఉన్నవాళ్ళు అమరన్ చెవిలో విషం పోస్తే అతను మారిపోవడం మనల్ని కదిలించనిది ఇందుకే. తెగిన బంధం మనం చూసిన బంధం కాదు. శక్తివేల్‌ను మంచుకొండల్లో లోయలో పడేశాక అక్కణ్ణుంచి మిగిలింది బతికొచ్చి ఒక్కొక్కణ్ణీ లెక్క తేల్చడమే. ఆ కథ మనకు మరీ అలవాటైన కథ.

నీ వ్యాసంలో "సెకండాఫ్ ల్యాగ్" అని రెండు మాటల్లో తేల్చేసింది ఇదే. ల్యాగ్ అనే మాట మీద నాకేం పేచీ లేదు, కారణం మొదటి సగంలో ఉందని రాయలేదే అని నా బాధ. పైగా ఆ పాపం ఎడిటర్ శ్రీకర్ ప్రసాద్ నెత్తిన రుద్దావు. రాతలో లేని సీనును కత్తెర పుట్టించలేదు. మణిరత్నం, కమల్ కలిసి రాసుకున్న కథ అది, అడగాల్సింది వాళ్ళిద్దరినే.

"త్రిషను వేస్ట్ చేశారు" అని ఒక లైను. ఎలా వేస్ట్? 'నాయకన్'లో నీలను గుర్తు తెచ్చుకో. వేశ్యల ఇంట్లో ఉన్న చిన్న పిల్ల, రేపు లెక్కల పరీక్ష ఉంది, త్వరగా వదిలేస్తారా అని అడుగుతుంది. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల జీవితం మొత్తం తెలిసిపోయింది. 'థగ్ లైఫ్'లో త్రిష వేసిన ఇంద్రాణికి కథలో అంతకంటే ఎక్కువ చోటుంది, శక్తివేల్ మీద ఆమెకున్న పట్టూ తెలుస్తుంది. కానీ తనకంటూ ఏం కావాలో ఆమె నోటి వెంట ఒక్క మాట నాకు గుర్తులేదు. ఇలా రాస్తే దర్శకుడు చదివినా కాదనలేడు.

నువ్వు చూసింది తెలుగు డబ్బింగ్ అని ఎక్కడా చెప్పలేదు. డైలాగులు తేలిపోయాయని మాత్రం రాశావు. ఎవరి డైలాగులు? తమిళ మాటలా, వాటి మీద కూర్చోబెట్టిన తెలుగు మాటలా? బొంబాయిలో భాష రాని తమిళవాడి కథ 'నాయకన్'. తెలుగు డబ్బింగులో అతనే తెలుగు మాట్లాడేసరికి అందులో సగం గోల మనకు చేరనేలేదు. ఏ భాషలో చూశావో మొదటి పేరాలోనే చెప్పు, పాఠకుడు తన లెక్క తాను వేసుకుంటాడు.

ఇక "వయసైపోయింది" అన్న తీర్పు. దాన్ని తీసెయ్. 76 ఏళ్ళ హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కార్సెసీ 2019లో 'ది ఐరిష్‌మన్' తెచ్చాడు, మూడున్నర గంటలు. హంతకుడు ముసలివాడై తన శవపేటిక తానే బేరమాడుకోవడం ఓపిగ్గా చూపించాడు. అలాంటి సీను కుర్రవాడికి తోచడం కష్టం. అందులో ఆ హంతకుడిగా వేసిన రాబర్ట్ డి నీరోను కంప్యూటర్‌తో కుర్రవాణ్ణి చేశారు. ముఖం మారింది, నడక మారలేదు. నాకు ఆశ్చర్యమనిపించేది కమల్ సంగతి. 33 నిండకముందే 'నాయకన్'లో ముసలివాడయ్యాడు, మేకప్‌తో, మెడ వంపుతో, నడకతో. దానికి జాతీయ అవార్డు వచ్చింది. 70 ఏళ్ళకు 'థగ్ లైఫ్'లో కంప్యూటర్ ఆయన్ని కుర్రవాణ్ణి చేసింది. నీ వ్యాసానికి అసలు విషయం ఇక్కడుంది, నువ్వు దాన్ని దాటి వెళ్ళిపోయావు. ఆ రెండు ముఖాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ రాయి.

కన్నడ తమిళం నుంచే పుట్టిందని కమల్ అన్నందుకు కర్ణాటకలో లేచిన గొడవ, కోర్టులు, కలెక్షన్లు ఈ వ్యాసంలో వద్దు. కావాలంటే విడిగా రాసుకో.

2025 జూలై 3న సినిమా నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఈసారి తమిళంలో చూడు, ఆపి ఆపి, కాగితం దగ్గర పెట్టుకుని. "మణిరత్నం మార్కు" అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా నాలుగు పేజీలు రాసి పంపు. ఆ రెండు పాత వ్యాసాలూ చింపెయ్యకు, వచ్చే సినిమాకు ముందు మళ్ళీ చదువుకోవచ్చు.

ఉంటాను,
అన్నయ్య