రీఫ్ ట్యాంకుకి తక్కువ ఖర్చులో ఏ పంపులు కొనాలి? కూలర్ మోటారు పనికొస్తుందా?

అన్నా, కావలిలో మీ ఇంట్లో 3 అడుగుల రీఫ్ ట్యాంకు, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టి, మెత్తటి రకాలైన సాఫ్ట్ కోరల్స్‌తో మొదలుపెట్టాలనుకుంటున్నారు. నీళ్లు తిప్పే పంపులకి 5,000 రూపాయలు దాటకూడదు, కుదిరితే ఇంట్లో ఉన్న కూలర్ మోటారే వాడేద్దామని అడిగారు. నేను నెల్లూరులో సరిగ్గా ఇదే సైజు ట్యాంకు నడుపుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు కూలర్ మోటారు సంగతి తేల్చేద్దాం. వద్దు. వాటిలో చాలావాటికి లోపల తిరిగే కడ్డీ లోహంతో చేసిందే. ఉప్పునీళ్లలో అది తుప్పు పడుతుంది, ఆ తుప్పంతా ట్యాంకులోకే పోతుంది. లోపలి సీలు దెబ్బతింటే రాగి చుట్ట కూడా నీళ్లకి తగులుతుంది. రాగి కొంచెం కలిసినా కోరల్స్ బతకవు. పైగా ఉప్పునీళ్లలో కరెంటు తేలిగ్గా పారుతుంది, చెయ్యి పెట్టేది మీరో మీ పిల్లలో. ఇవన్నీ పక్కనపెట్టినా ఆ మోటారు నీళ్లని సన్నటి ధారగా కొడుతుంది. ఆ ధార ఎదురుగా ఉన్న కోరల్ ముడుచుకుపోతుంది, పక్కన ఉన్నదానికి కదలికే అందదు.

మీకు కావలసింది ప్రొపెల్లర్ రకం పంపు. షాపుల్లో వేవ్‌మేకర్ అంటే ఇచ్చేస్తారు. ఫ్యాన్ రెక్కల్లాంటిది తిరిగి నీళ్లని వెడల్పుగా, మెత్తగా తోస్తుంది. షాఫ్ట్ (లోపల తిరిగే కడ్డీ) సిరామిక్‌దేనా, 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని రాసి ఉందా, స్పేర్ ఇంపెల్లర్ (అయస్కాంతంతో ఉండే తిరిగే భాగం) దొరుకుతుందా, ఈ మూడూ అడిగి తీసుకోండి.

ఇక సైజు. 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే నిండా 190 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను నీళ్లు 160 దాకా ఉంటాయి. సాఫ్ట్ కోరల్స్‌కి గంటకి ట్యాంకు నీళ్లకి 10 నుంచి 20 రెట్లు తిరిగితే చాలంటారు. హామర్, టార్చ్ లాంటి ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌లుండే గట్టి రకం) కోరల్స్‌కి 20 నుంచి 30, ఆక్రోపోరా లాంటి ఎస్‌పీఎస్‌కి (చిన్న పాలిప్‌లుండే గట్టి రకం) 40 పైన. మీ లెక్కకి గంటకి 3,000 లీటర్ల చుట్టుపక్కల రావాలి. ఇక్కడే చాలామంది ఒకటే 5,000 లీటర్ల పంపు కొనేస్తారు. నా మాట విని అలా చెయ్యకండి, 1,500–2,000 లీటర్ల తరగతివి రెండు తీసుకోండి.

మన వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు ఎలా పెడతారో చూసే ఉంటారు. ఎంత హెచ్‌పీ అన్నదొక్కటే కాదు, నీళ్లు చెరువంతా తిరిగేలా ఏది ఎటు చూడాలో లెక్కేసి పెడతారు. ట్యాంకులోనూ అంతే. ఒకే పెద్ద పంపు ఒక పక్క ఇసుకని ఎగరగొడుతుంది, రాళ్ల వెనక మాత్రం మడ్డి పేరుకుంటుంది. కొన్నాళ్లకి ఆ చోటే ఎర్రటి జిగట పొరలా సయనోబాక్టీరియా కమ్ముకుంటుంది. రెండు చిన్న పంపుల్ని అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా కాస్త ఏటవాలుగా పెడితే రెండు ప్రవాహాలూ మధ్యలో గుద్దుకుని నీళ్లు ఒక పద్ధతంటూ లేకుండా తిరుగుతాయి. కోరల్స్‌కి ఇష్టమైంది అదే. ఒకటి ఆగిపోయినా రెండోది ఉంటుంది, నాకైతే ఆ ధైర్యమే పెద్ద లాభం.

ఎక్కడ పెట్టాలో కంటితోనే చూసుకోవచ్చు. హేచరీల్లో రొయ్య పిల్లలకి మేతగా వాడే ఆర్టీమియా ఉంటుంది కదా, అప్పుడే పొదిగిన పిల్లలు నారింజ రంగులో ఉంటాయి. రాత్రి గదిలో లైట్లు ఆపి, పక్క నుంచి టార్చి వేసి, ఒక డ్రాపర్‌తో కొద్దిగా నీళ్లలో వదలండి. ఆ నారింజ చుక్కలు ఎక్కడ వేగంగా పోతున్నాయో, ఏ రాయి వెనక సుడి తిరుగుతున్నాయో, ఎక్కడికి పోయి నిలబడిపోతున్నాయో స్పష్టంగా కనిపిస్తుంది. అవి టార్చి వెలుగు వైపు ఈదుతాయి కాబట్టి వదిలిన మొదటి నిమిషంలోనే చూసుకోవాలి. నిలబడిపోయిన చోటే మీ ట్యాంకులో చచ్చిన మూల. పంపు మూతిని రెండు వేళ్ల మేర తిప్పి మళ్లీ చూడండి. ఈ ఒక్క పరీక్ష డబ్బా మీది లీటర్ల లెక్క కన్నా ఎక్కువ చెప్తుంది. చూడటానికీ ఎంత బాగుంటుందో! చేపలకి విందు ఎలాగూ ఉంటుంది.

బ్రాండ్ల విషయానికొస్తే, మీ బడ్జెట్‌లో సన్‌సన్ లాంటి చైనా ఏసీ పంపులు రెండు వస్తాయి. వేగం తగ్గించడం, పెంచడం ఉండదు, కానీ సాఫ్ట్ కోరల్స్‌కి చక్కగా సరిపోతాయి. జెబావో డీసీ పంపులకి కంట్రోలర్ ఉంటుంది, అలల్లా పల్స్ పెట్టుకోవచ్చు, కరెంటూ తక్కువ. తర్వాత ఎల్‌పీఎస్‌కి వెళ్లాలనుకుంటే అప్పుడు ఒకటి అదనంగా కొనండి. జర్మనీ టున్జే, మోటారు గాజు బయటే ఉండే వోర్టెక్ నిజంగా గొప్పవి, ఇప్పుడు మీకు అక్కర్లేదు.

వాట్లు తప్పకుండా చూడండి, బిల్లు కోసమే కాదు. నీళ్లలో మునిగి ఉండే పంపు తినే కరెంటంతా చివరికి వేడిగా ఆ నీళ్లలోనే మిగులుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు మనవి, ట్యాంకు మాత్రం 25–27 డిగ్రీల్లో ఉండాలి. 6 వాట్లవి రెండు రాత్రింబవళ్లు నడిచినా నెలకి తొమ్మిది యూనిట్లు దాటవు. వేసవిలో ఒక పంపు మూతి కాస్త పైకి తిప్పి నీటి పైన అలలు బాగా పడేలా చూడండి, ఒక చిన్న ఫ్యాన్ పెట్టండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోవడం చెరువుల వాళ్లకి చెప్పక్కర్లేదు, ట్యాంకుదీ అదే కథ. ఫ్యాన్ వల్ల ఆవిరైన నీళ్లకి బదులు ఆర్‌ఓ నీళ్లే పొయ్యండి, ఉప్పునీళ్లు కాదు.

మిగిలిన డబ్బుతో బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తప్పనిసరిగా తీసుకోండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను రోజుల్లో మా వీధిలో కరెంటు గంటల తరబడి లేదు. ఆ టెన్షన్‌లో చేపల్ని కాపాడింది ఆ చిన్న డబ్బానే. ఇన్వర్టర్ ఉంటే పంపుల్ని దానికే కలపండి, అయితే అది సైన్ వేవ్‌ది అయ్యుండాలి. స్క్వేర్ వేవ్ మీద ఈ మోటార్లు గుయ్యిమని మోగి వేడెక్కుతాయి. ప్లగ్గుకి వెళ్లే వైరు ఒకసారి కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా పెట్టండి, నీటి చుక్క సాకెట్‌లోకి జారదు. కరెంటు లీకైతే సరఫరాని వెంటనే ఆపేసే స్విచ్చి, ఆర్‌సీసీబీ, లేకపోతే పెట్టించుకోండి.

రెండు మూడు నెలలకోసారి పంపు విప్పి, నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి కొన్ని గంటలు నానబెడితే తెల్లగా పట్టిన సున్నం కరిగిపోతుంది. అప్పుడు ఇంపెల్లర్ అయస్కాంతాన్ని వేలితో తడిమి చూడండి. పై పూత పగిలి ఉబ్బితే మార్చెయ్యాలి.

ఒక ముఖ్యమైన మాట, మన సముద్రాల్లో గట్టి కోరల్స్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి. ఎవరైనా సముద్రం నుంచి తెచ్చామని చవగ్గా ఇస్తే తీసుకోకండి, కాగితాలు ఉన్నవాళ్ల దగ్గరే కొనండి. రాళ్లు పేర్చాక ముందు నుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫోటోలు పెట్టండి. ఏ పంపు ఏ పక్కన బిగించాలో చూసి చెప్తాను.