ఊళ్లో పేద కుటుంబాలకి గేదెలో గొర్రెలో కొనిస్తే నిజంగా బాగుపడతారా?

అడిగినాయన అమెరికాలో ఉంటారట. నలుగురు ఫ్రెండ్స్ కలిసి సొంతూళ్లో బీద కుటుంబాలకి ఇంటికో గేదె కొనిద్దాం అనుకుంటున్నారు, డబ్బులిస్తే ఖర్చైపోతాయి, పశువైతే నిలబడుతుంది కదా అని. మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా, గొర్లకాపరుల ఇల్లు, అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. బాగుపడతారండి, తప్పకుండా బాగుపడతారు, కానీ పశువుని అప్పజెప్పి ఫొటో దిగి వెళ్లిపోతే మాత్రం కాదు. ఇచ్చినవాళ్లు ఏడాది రెండేళ్లపాటు ఆ ఇంటి గడప మళ్లీ మళ్లీ తొక్కితేనే.

2017 జూన్‌లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైంది గుర్తుండే ఉంటుంది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. ధర 1,25,000, అందులో 75 శాతం సర్కారుది, మనం కట్టాల్సింది 31,250. గొర్లకాపరుల సొసైటీ మెంబర్ల పేర్లు లాటరీ తీసి రెండు లిస్టులు చేస్తే మా చిన్నాయన పేరు మొదటి లిస్టులోనే వచ్చింది. ఆ 31,250 ఆయన వడ్డీకి తెచ్చాడు. ఇది ఏ రిపోర్టులోనూ కనపడదు, ఉచితంగా వచ్చిందనుకునే జీవం అప్పుతోనే ఇంట్లోకి అడుగుపెడుతుంది.

డీసీఎం పొద్దుగూకే టైంకి ఊళ్లోకొచ్చింది, కోస్తా వైపు నుంచి తెచ్చిన గొర్లు. దించుతుంటేనే కొన్ని నిలబడలేక కూలబడిపోయాయి, దారంతా నీళ్లు పెట్టలేదో ఏమో నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నాయి. పిల్లలంతా కేరింతలు, ఆడవాళ్లు పసుపు కుంకుమ పట్టుకొచ్చారు. మా తాత మాత్రం గొంగడి భుజాన వేసుకుని నేరుగా మందలోకి పోయి ఒక గొర్రెని దవడ కింద పట్టుకుని పెదవి పైకి లేపి పండ్లు చూశాడు. మాలో ఎవరైనా ముందు చూసేది అదే, రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, ఎన్ని ఈతలు మిగిలున్నాయి అని. ఒకటి చూసి వదిలి ఇంకోటి పట్టుకున్నాడు, తర్వాత ఇంకోటి. పొదుగు కింద చెయ్యిపెట్టి నొక్కి చూశాడు, ఒకదానికి ఒక పక్క రాయిలా గట్టిపడి ఉంది. "ఏం జీవాలు తెచ్చిన్రు బిడ్డా, సగం గొర్లకి పండ్లే ఊడినయ్, ఇవి ఈనేదెప్పుడు, పిల్లలకి పాలిచ్చేదెప్పుడు" అన్నాడు. చిన్నాయన ఏమీ మాట్లాడలేదు, మాట్లాడి చేసేదేముంది, సంతకం అయిపోయింది, చెవులకి ఇన్సూరెన్స్ నంబరు పోగులు కొట్టేశారు. ముసలి గొర్లని వయసు గొర్ల ధరకి అంటగట్టిన దళారి అప్పటికి ఏ ఊళ్లో ఉన్నాడో.

ఆ గొర్లు కాలువ గట్ల పచ్చగడ్డి, వరి కోసిన మళ్లు మేసి పెరిగినవి. మా దగ్గర గుట్టలు, రాళ్లు, ఎండిన బీడు. సగం దూరం కూడా నడవలేకపోయేవి. అది కాస్త అలవాటైందనుకునేసరికి వానలు పట్టాయి, నీలినాలుక వచ్చింది. దోమలాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే జబ్బు అది, మూతి ఉబ్బిపోతుంది, నోరంతా పుండ్లు, కాళ్లు కుంటుతాయి, మేత ముట్టవు. మా చిన్నమ్మ జొన్నజావ పలచగా కాచి వెదురు గొట్టంలో పోసి ఒక్కోదానికి దవడ పక్క నుంచి కొంచెం కొంచెం తాగించేది, తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి ఒక్కో గొర్రెకి చాలాసేపు పట్టేది. అన్ని రోజులూ ఆమె కూలికి పోలేదు. ఆ పోయిన కూలి ఎవరిస్తారు? డాక్టర్ మండలంలో, ఫోన్ చేస్తే వేరే ఊళ్లో ఉన్నాననేవాడు. చచ్చిన గొర్రెకి ఇన్సూరెన్స్ రావాలంటే పోగుతో సహా చెవి కోసి చూపించాలి, పోగు ఎక్కడో తుప్పల్లో ఊడిపోయి ఉంటే మీ గొర్రె చచ్చినట్టే కాదు. చివరికి మిగిలినవాటిని చిన్నాయన అమ్మేసి వడ్డీ కట్టాడు. ఇలా అమ్మినవాటినే మళ్లీ లారీ ఎక్కించి ఇంకో ఊళ్లో కొత్త యూనిట్‌గా దించారని పేపర్లలో వచ్చింది, వందల గొర్లని తరలించినట్టు చూపిన బండ్ల నంబర్లలో బైకులు, అంబులెన్సులు ఉన్నాయని సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా రాసింది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానం, 1.9 కోట్లు దాటాయి, కాదనను. బాగుపడ్డ ఇండ్లు కూడా ఉన్నాయి, అయితే నేను చూసినంతలో వాళ్లకి ముందే మంద ఉంది, మేపేవాడున్నాడు, కొత్త జీవాలు పాత మందలో కలిసిపోయాయి. ఏమీ లేనివాడి దగ్గరే నిలబడలేదు, మనం చేరాలనుకుంది వాడి దగ్గరికే కదా.

ఇప్పుడు ఇంకో విషయం. మా దగ్గర పాలుకిచ్చుడు అని ఉంది, కోస్తాలో, ఏజెన్సీలో వాటాకివ్వడం అంటారు, మేకలూ కోళ్లూ కూడా ఇలాగే ఇస్తారు. ఉన్నవాడు ఒక ఆడమేకని లేనివాళ్లకి మేపమని ఇస్తాడు, పుట్టిన పిల్లల్లో సగం సగం. మా తాత మా వెనకింటి అవ్వకి, భర్త పోయి ఇద్దరు పిల్లలతో ఉన్నామెకి, ఒక మేకని అలా ఇచ్చాడు. అది ఆ గుట్టల్లోనే పుట్టి పెరిగిన మేక, కంపచెట్టు కాయ తిని కూడా బతుకుతుంది, ఈతకి రెండేసి పిల్లలు. కడుపుబ్బరం వచ్చిందని అర్ధరాత్రి తలుపు కొడితే తాత లేచి పోయేవాడు, ఎందుకంటే దాంట్లో ఆయన వాటా కూడా ఉంది. ఆమె కూతురి పెళ్లి ఆ మేకల మీదే అయింది. అక్కడ సబ్సిడీ లేదు, పూలదండలు లేవు, బ్యానర్ అసలే లేదు.

మీ అమెరికాలో హైఫర్ ఇంటర్నేషనల్ అని ఉంది చూడండి, దాన్ని మొదలుపెట్టిన డాన్ వెస్ట్ అనే రైతు స్పెయిన్ అంతర్యుద్ధం టైంలో అక్కడ పిల్లలకి పాలు పంచుతూ, రోజూ గ్లాసు పాలు కాదు, ఇంటికో ఆవు ఉండాలి అనుకున్నాడు. 1944లో 17 పెయ్యలని ఓడలో ప్యూర్టోరికో పంపారు. షరతు ఒక్కటే, పుట్టిన మొదటి ఆడదూడని ఇంకో పేద ఇంటికి ఇవ్వాలి. అంటే తీసుకున్నవాళ్లు రేపు ఇచ్చేవాళ్లవుతారు, ఇచ్చేవాళ్లకి తలెత్తుకునే మర్యాద ఉంటుంది. మా పాలుకిచ్చుడుకీ దీనికీ పెద్ద తేడా లేదని నా నమ్మకం.

చదువుకున్నవాళ్లు లెక్కలడుగుతారు కాబట్టి అదీ చెప్తా. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మరీ పేద ఇండ్లకి పశువులిచ్చి నిలబెట్టడానికి 2002లో మొదలుపెట్టిన పద్ధతిని ఇండియాతో సహా ఆరు దేశాల్లో పదివేలకి పైగా కుటుంబాలతో పరీక్షించి 2015లో ఫలితాలు వేశారు, బాగా పనిచేసింది. బెంగాల్‌లో ముర్షిదాబాద్ వైపు పదేళ్ల తర్వాత చూసినా ఆ సాయం అందుకున్న ఆడవాళ్లు మెరుగ్గానే ఉన్నారు. కానీ వాళ్లకి ఇచ్చింది పశువు ఒక్కటే కాదు, మొదటి కొన్ని నెలలు తిండికి వారం వారం డబ్బు, వారానికోసారి ఇంటికొచ్చి చూసే మనిషి, పొదుపు అలవాటు, అన్నీ కలిపి. మన మెదక్ జిల్లాలో అలాంటిదే చేస్తే పశువులు రాని కుటుంబాలకంటే వచ్చిన కుటుంబాలు ఎక్కువేమీ ఎదగలేదు. కారణం ఆలోచిస్తే సింపుల్, గేదె దగ్గర ఉండాలంటే కూలి మానాలి, పాల డబ్బు వచ్చింది కానీ కూలి డబ్బు పోయింది, అదే టైంలో కూలి రేట్లు పెరగడంతో పశువు అందనివాళ్లు కూడా అంతే పైకొచ్చారు.

అందుకే గేదె అన్నప్పుడు నాకు భయమేస్తుంది. ముర్రా గేదెకి రోజూ పచ్చిగడ్డి కావాలి, దాణా కావాలి, కడగడానికి నీళ్లు కావాలి, సెంటు భూమి లేని ఆడమనిషి ఎక్కడి నుంచి తెస్తుంది? దానికి బదులు ఆ మండలంలోనే పుట్టిన రెండు మూడు ఆడమేకలు తీసుకోండి, సంతలో మీ ఊరి ముసలి కాపరి ఒకాయన్ని తోడు తీసుకెళ్లి పండ్లు చూపించి తీసుకోండి, వానలు వెనకబట్టాక తీసుకోండి. ఊరి మహిళా సంఘం పేరు మీద పాలుకి ఇప్పించండి, పిల్ల తిరిగి సంఘానికి వస్తే ఇంకో ఇంటికి పోతుంది. మీరు పోగేసిన డబ్బులో సగం మాత్రమే జీవాలకి పెట్టి మిగతా సగంతో ఆ ఊళ్లోనే టెన్త్ చదివిన ఒక అమ్మాయికి నట్టల మందు తాపడం, చిటుకు రోగం, పీపీఆర్ (పారుడు రోగం) టీకాల టైం చూసి డాక్టర్ని పిలిపించడం నేర్పించి నెలకి జీతం ఇవ్వండి. చిటుకు టీకా వానల ముందే పడాలి, కొత్త చిగురు మేసిన మంచి పుష్టి గొర్రె పొద్దున్నకి చచ్చి పడి ఉంటుంది, ఒక్కరోజు కూడా టైం ఇవ్వదు.

ఇంకొకటి, ఇదే అన్నిటికంటే ముందు చూడాల్సింది. మా ఊరి బంచరాయిలో, అంటే అందరూ జీవాలు మేపుకునే ఊరుమ్మడి భూమిలో, ఇప్పుడు సగం ప్లాట్లు, హద్దురాళ్లు పాతేశారు, మిగిలిన దాంట్లో మొక్కలు నాటి కంచె వేసి జీవాలు పోతే ఫైన్ అంటున్నారు. మేపే చోటు లేకుండా ఎన్ని మేకలు పంచినా అవి ఎవరి చేన్లోనో పడతాయి, తిట్లు తినేది ఆ పేదామె. చెక్కు రాసే ముందు సర్పంచ్‌కి ఫోన్ చేసి ఊరికి ఎన్ని ఎకరాల బంచరాయి ఉండేది, ఇప్పుడెంత మిగిలింది, నీళ్ల తొట్టి ఉందా అని అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే ఆ డబ్బుతో ముందు ఆ భూమి సర్వే చేయించండి.