‘ఎలాగూ పోయేదానికి మాత్రలెందుకు’ అంటున్నాడు మా అన్నయ్య

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లెటూరు. అన్నయ్యకి 29 ఏళ్ళు, సూరత్‌లో పవర్‌లూమ్ పనికెళ్ళి వచ్చాడు. రెండేళ్ళ కిందట హెచ్‌ఐవీ అని తెలిసింది. మొదట్లో రోజూ మాత్ర బాగానే వేసుకునేవాడు. ఆర్నెల్ల కిందట ఒక సంబంధం వస్తే మా ఇంట్లోవాళ్ళే ఏదో వంక పెట్టి వద్దనేశారు. అప్పట్నుంచి సరిగ్గా వేసుకోవట్లేదు. పోయిన నెల డబ్బాలో 11 మిగిలిపోయాయి. అడిగితే ‘ఎలాగూ పోయేదే కదా, ఇవెందుకు’ అంటాడు. ఏం చెయ్యాలి డాక్టర్‌గారూ?

జవాబు: అమ్మా, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించారో లేదో. ఏడాదిన్నర పాటు ఎవరూ చెప్పకుండానే వేసుకున్నవాడు సంబంధం వద్దనుకున్న రోజు నుంచే మానేశాడు. మతిమరుపు కాదు, బద్ధకం అంతకన్నా కాదు. దేనికోసం బతకాలి అన్నది పోయింది, దాంతోపాటు మాత్ర కూడా పోయింది. ఆశ తగ్గితే నా అనుభవంలో ముందు కనబడేది మొహంలో కాదు, మాత్రల డబ్బాలో. అందుకే మందులిచ్చే సెంటర్‌లో ఎవరైనా మిగిలిన మాత్రలు లెక్కపెట్టి పేషెంట్ మీద అరుస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది, లెక్క అవసరమే కానీ ఎందుకు మిగిలాయో అడగాలి కదా.

ఇప్పుడు అసలు విషయం, ఇది మీ అమ్మానాన్నలు కూడా చదవాలి. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క, ఒక మిల్లీలీటరుకి 200 కాపీల లోపే ఉండి అలాగే నిలబడితే సెక్స్ ద్వారా భార్యకి వైరస్ అంటదు, ఇది ఎవరో ఓదార్పుకి చెప్పిన మాట కాదు, వేలాది జంటల్ని ఏళ్ళ తరబడి గమనించి తేల్చిన సంగతి. పిల్లల్ని కనొచ్చు. తొందరగా మందులు మొదలుపెట్టి మానకుండా వాడేవాళ్ళ ఆయుష్షు మిగతావాళ్ళకి దగ్గర దగ్గరగానే ఉంటుంది. కాకపోతే అమ్మాయికి ముందే చెప్పాలి, దాచి చేసే పెళ్ళికి నేను ఒప్పుకోను. మీవాళ్ళు తలుపు వేసేశారు కానీ ఆ తలుపుకి తాళం వెయ్యక్కర్లేదు.

నా దగ్గరికి ఒకాయన వచ్చేవాడు, రైతు, ఎప్పుడూ తల దించుకునే కూర్చునేవాడు. ఒకరోజు మందులు తీసుకుని లేచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ‘జీడి మొక్కలు వేద్దామనుకుంటున్నాను, కాపుకి మూడేళ్ళు పడతది, అప్పటికి ఉంటానాండీ’ అన్నాడు. నేను రిపోర్ట్ తీసి చూపించి, మొక్కలు వెయ్యి అన్నాను. ఆ తర్వాత ఆయన డబ్బా లెక్కపెట్టాల్సిన పని నాకు పెద్దగా పడలేదు. ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పడం వేరు, మూడేళ్ళ తర్వాత చెయ్యాల్సిన పని ఒకటి చేతిలో ఉండడం వేరు.

ఇక వైద్యం సంగతి. 30లో 11 వదిలేశాడంటే చాలా ఎక్కువ, 95 శాతం వేసుకోవాలంటాం, అంటే నెలకి ఒకటికి మించి తప్పకూడదు. అతను వేసుకునేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్రే అయితే డోలుటెగ్రావిర్‌కి లొంగకుండా వైరస్ అంత తేలిగ్గా మొండికెయ్యదు, కాబట్టి చెయ్యి దాటిపోయింది అనుకోవద్దు, కానీ ఇలాగే సాగదీస్తే మాత్రం కష్టం. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి మింగకూడదు. నిద్ర పట్టట్లేదంటే రాత్రి మాని ఉదయానికి మార్చమనండి, ఆ మాత్రకి నిద్ర చెడగొట్టే గుణం కొందరిలో ఉంటుంది. గ్యాస్ కోసం యాంటాసిడ్ తాగే అలవాటుంటే ఈ మాత్ర దానికి 2 గంటల ముందో 6 గంటల తర్వాతో వేసుకోవాలి, ఇది చాలామందికి తెలీదు. తాగొచ్చిన రోజు మాత్ర మానేస్తున్నాడేమో కూడా అడగండి, తాగుడు మంచిది కాదు కానీ తాగానని మాత్ర మానెయ్యడం ఇంకా చెడ్డది.

ఊళ్ళో ఎవరైనా చూస్తారని భయమైతే పర్లాకిమిడిలోనే తీసుకోవాలని రూలేం లేదు, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) ఉంది, బోర్డర్ దాటి శ్రీకాకుళం వైపుకైనా ట్రాన్స్‌ఫర్ అడగొచ్చు. మళ్ళీ సూరత్ వెళ్తానంటే ఆపకండి, పనికెళ్ళడం కూడా ఆశే, అక్కడి సెంటర్‌కి ట్రాన్స్‌ఫర్ రాయించుకుని వెళ్ళమనండి. అతని ఒప్పుదల లేకుండా ఈ సంగతి ఎవరికీ చెప్పకండి, 2017 హెచ్‌ఐవీ చట్టం ఉన్నది అందుకే.

ఒక్క మాట సూటిగా అడగండి: ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, భయపడకండి. అవునంటే ఒంటరిగా వదలొద్దు, మానసిక సాయం కోసం ఉన్న టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చెయ్యండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. హెచ్‌ఐవీ గురించి ఏ అనుమానమున్నా 1097కి ఫోన్ చెయ్యండి, ఉచితం.

ఈసారి సెంటర్‌కి మీరూ కూడా వెళ్ళి వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడు చేస్తారో అడిగి, తర్వాత రిపోర్ట్‌లో ఆ నంబర్ అన్నయ్యచేతే చదివించండి. అన్నట్టు బస్సులో డబ్బా గలగలమంటుందని కొందరు దూది కుక్కుతారు, ఆ తొందర్లో లోపలుండే చిన్న తెల్ల పొట్లం తీసి పారేస్తారు, అది తేమ పీల్చేది, దాన్ని అలాగే ఉంచమనండి.